కరియ దగ్గరికి పది నెలల దారి

కుందుర్పి చుట్టుపక్కల పద్నాలుగు పల్లెల్లో ముత్యాలప్ప అడుగు పెట్టని ఇల్లు లేదు. అతని పేరు తెలిసిన ఇళ్ళు మాత్రం ఒకటో రెండో. మిగతావాళ్ళందరికీ అతను బిల్లన్న. నెలలో మొదటి పది రోజులు పాత మోపెడ్ మీద ఊరూరూ తిరిగి, కరెంటు మీటరు చూసి, చేతిలోని మిషనులోంచి బిల్లు చింపి ఇచ్చి పోవడం అతని పని. ఒక్కో ఇంట్లో మూడు నిమిషాలు. పదకొండేళ్ళుగా మనుషులతో అతనికున్న పలకరింపులన్నీ ఆ మూడు నిమిషాల్లో ఇమిడిపోయేవే.

భార్య లేక కాదు. జ్యోతిలక్ష్మి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. రెండు బోర్లూ ఎండిపోయి, చెనిక్కాయ పంట వరసగా మూడేళ్ళు దెబ్బతిన్నప్పుడు, "ఒగ ఏడాది చేసొస్తా" అని పోయింది. ఆ ఏడాది తొమ్మిదేళ్ళయింది. అక్కడ ఒక్క గదిలో నలుగురు ఆడవాళ్ళు సర్దుకుని ఉంటారు, మొగుణ్ణి పిలిపించుకునే చోటు లేదు. పిల్లలు లేరు. ఇద్దరి మధ్యా తగవంటూ ఏమీ లేదు. ఆదివారం ఆదివారం ఫోను చేసుకుంటారు. తిన్నావా, తిన్నా. వాన పడిందా, పడలేదు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ కాసేపు ఫోను పట్టుకుని ఊరకే ఉంటారు.

పనిలో చేరిన మొదటి రెండేళ్ళలో ముత్యాలప్పను ఐదు కుక్కలు కరిచాయి. ఆస్పత్రిలో సూదులు వేసే నర్సు అతన్ని చూడగానే "మళ్ళీనా?" అనేది. అతను లావుపాటి కానుగ కట్టె ఒకటి కొట్టుకుని మోపెడ్‌కు కట్టుకున్నాడు. కట్టె వచ్చాక కుక్కల అరుపు ఎక్కువయిందే గానీ తగ్గలేదు.

ఒక మే నెలలో, ఎండ తగిలి జ్వరం వచ్చి, ఎవరూ లేని ఒక ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు. కట్టె మోపెడ్‌కే ఉండిపోయింది. ఆ ఇంటి ఎర్రకుక్క నెలనెలా అతని మీదికి ఎగిరేది. ఆ పూట దాన్ని తరిమే ఓపిక లేదు, దాని వైపు చూసే ఓపికా లేదు. గోడకు ఒరిగి, ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. కుక్క చాలాసేపు మొరిగింది. ఆగింది. కొంతసేపటికి కాలి దగ్గర వెచ్చటి ఊపిరి తగిలింది. చెప్పులు వాసన చూసి, బారెడు దూరంలో పడుకుంది.

మరుసటి నెల నుంచి కట్టె ఇంట్లోనే వదిలేశాడు. కుక్కలను గమనించడం మొదలుపెట్టాడు. తోక ఊపే కుక్కలన్నీ మంచివి కావని తెలుసుకున్నాడు. తోక నిక్కబొడుచుకుని, ఒళ్ళు బిగబట్టి, తోక కొస మాత్రమే ఆడిస్తే అక్కడే ఆగిపోవాలి. నిద్ర రాకుండానే ఆవలించే కుక్క, తిండి ఏదీ లేకుండానే మూతి నాక్కునే కుక్క భయపడుతున్నట్టు. కళ్ళలోకి చూస్తే దానికి అది కయ్యానికి పిలుపు. మనం ప్రేమగా తల మీద పెట్టబోయే చెయ్యి దానికి దెబ్బలాగే కనిపిస్తుంది. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. ఏ నెల ఏ కుక్క ఏం చేసిందో గుర్తుపెట్టుకుంటూ పోయాడు. చూసిందాన్ని చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఎర్రబండపల్లిలో పుల్లన్న ఇల్లు ఊరి చివరన ఉంటుంది. పుల్లన్న ఒకప్పుడు సర్పంచి. పొలం గట్ల దగ్గర దాయాదులతో కక్షలున్నాయి. రాత్రిళ్ళు తన కరెంటు తీగ కోసేస్తారని అనుమానం. అందుకని ఒక నల్ల కుక్కను తెచ్చి, మీటరు ఉన్న గోడకే కొండీ కొట్టి గొలుసు వేశాడు. దాని పేరు కరియ. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని గోనెపట్టాతో కొట్టి, కట్టెతో పొడిచి పొగరు ఎక్కించానని గొప్పగా చెప్పుకునేవాడు. తిండి కూడా దూరం నుంచే విసిరేవాడు.

కరియను అక్కడ కట్టేశాక ముత్యాలప్ప మొదటిసారి పోయినప్పుడు కరియ గొలుసు తెగుతుందా అన్నట్టు దూకింది. పుల్లన్న అరుగు మీద కూర్చుని నవ్వాడు.

"ఏమప్పా, ఎట్లుండాది? కుక్కంటే అట్లుండాల."

"మీటరు కాడికి ఎట్ల పోవల్లన్నా?"

"అది నీ తిప్పలు."

మీటరు పక్కనున్న కిటికీలోంచి పుల్లన్న కోడలు నందిని, "అన్నా, నంబరు నేను చెప్తా, రాసుకోండి" అంది. మొగుడు ప్రణీత్ బోరు లారీతో బళ్ళారి వైపు తిరుగుతాడు, ఇంట్లో ఆమె, మామ ఇద్దరే. ఆ నెల అట్లా గడిచింది. కానీ మీటరు ఫోటో తప్పనిసరి అని పైనుంచి మాట వచ్చింది. దగ్గరికి పోక తప్పదు.

రెండో నెల గొలుసు ఎంత దూరం అందుతుందో చూసుకుని, దానికి మూరెడు ఇవతల కరియకు పక్కగా తిరిగి గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి, ముక్క తుంచి, నేల మీద మెల్లగా దొర్లించాడు. కరియ దాన్ని చూడను కూడా చూడలేదు. ఐదు నిమిషాలు మొరుగుతూనే ఉంది. అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ నెలా నంబరు కిటికీలోంచే వచ్చింది. ఫోటో లేదని, అతన్ని పనిలో పెట్టుకున్న ఏజెన్సీ వాళ్ళు తిట్టారు.

రోజూ పోగలిగితే పదిరోజుల్లో అయ్యే పని. కానీ మీటరు మనిషి నెలకొకసారి తప్ప ఒకరి గడపలోకి ఏమని పోతాడు? నాలుగో నెల కరియ గుడ్డు తినింది. ఐదో నెల అతను మోపెడ్ ఆపిన చప్పుడుకు మొరగడం మొదలుపెట్టి, అతను కూర్చోగానే ఆపేసింది. ఏడో నెల ఎదురుగా పడుకుంది. అప్పుడు కనిపించింది, మెడ కింద గొలుసు ఒరుసుకుని చర్మం లేచిపోయి పచ్చిగా ఉన్న పుండు. ఈగలు ముసురుతున్నాయి.

"అన్నా, దాని మెడ పుండు పడిండాది. మెడకాడికి ఎవురి చెయ్యి వచ్చినా నొప్పికి కరుస్తాది. గొలుసు తీసి పట్టీ ఏదన్నా కట్టండి."

పుల్లన్న మీసం దువ్వుకున్నాడు. "నీకెందుకప్పా? మీటరు చూసి పో."

ముత్యాలప్ప తల దించుకుని వచ్చేశాడు. మరుసటి నెల పోయేసరికి గొలుసు చుట్టూ పాత చీర గుడ్డ చుట్టి, దారంతో కుట్టి ఉంది. పుండు మీద పసుపు. కిటికీ వెనక నందిని నిలబడి ఉంది. ఆమె అరచేతికి కట్టు ఉంది.

పదో నెల కరియ లేచి, గొలుసు సాగినంత మేర వచ్చి, తనంతట తానే అతని చెయ్యి వాసన చూసింది. ముత్యాలప్ప చెయ్యి పైకెత్తలేదు. దవడ కిందికి తీసుకుపోయి రెండు వేళ్ళతో మెల్లగా గోకాడు. కుక్క ఒళ్ళంతా ఒక్కసారి వణికి, తర్వాత వదులయింది. అతను దాన్ని దాటి గోడ దగ్గరికి పోయి, ఫోటో తీసి, బిల్లు కొట్టాడు.

ఊరు దాటాక మోపెడ్ ఆపి జ్యోతిలక్ష్మికి ఫోను చేశాడు. ఆ రోజు బుధవారం.

"ఏమైందయ్యా? ఒళ్ళు బాగలేదా?" అవతల మిషన్ల హోరు.

"బాగుండా. ఏం లేదు. ఒగ కుక్క..."

"కుక్క కరిచినాదా?"

"లేదు. కరవలేదు. అదే చెప్తాండా."

"ఏమో, ఇనపడల్యా. సూపర్‌వైజరు చూస్తాండాడు. ఆదివారం మాట్లాడుకుందాం."

ఆదివారం వచ్చేసరికి ఆ మాట చెప్పాలనిపించలేదు.

ఇంకో రెండు నెలలకు కొత్త మీటర్లు వస్తున్నాయన్నారు. మనిషి పోయి చూడాల్సిన పనిలేదట, లెక్క దానంతట అదే ఆఫీసుకు పోతుందట. ఏజెన్సీ వాళ్ళు మిషను, సంచీ వెనక్కి తీసుకున్నారు. ముత్యాలప్ప చెనిక్కాయ పీకే కూలికి పోయాడు. ఒకరోజు కుందుర్పి సంతలో, పదకొండేళ్ళు నెలనెలా బిల్లు ఇచ్చిన ఒక పెద్దమనిషి ఎదురుపడ్డాడు. ముత్యాలప్ప నవ్వాడు. ఆయన ఎవరో అనుకుని పక్కనుంచి పోయాడు. భుజాన సంచీ లేకపోతే తన ముఖం ఆ ఇళ్ళలో దేనికీ తెలియదని ఆ రోజు అర్థమయింది. ఇంటికొచ్చి అన్నం వండుకోకుండా పడుకున్నాడు.

కార్తీకంలో ఒక ఉదయం ఫోను మోగింది.

"ముత్యాలప్పా, నేను పుల్లన్నను. ఒగసారి వచ్చిపో."

"నా పేరు ఎవురు చెప్పినారన్నా?"

"కోడలు చెప్పింది. బిల్లు మీద పేరూ ఫోను నంబరూ రాసుండాదంట. కొత్త మీటరు పెట్టేవాళ్ళు రెండుసార్లు వచ్చి తిరిగిపోయినారు. ఒగని ప్యాంటు చింపింది. మళ్ళీ వస్తాండారు, నువ్వు వచ్చి దాన్ని పట్టుకో."

తన పని తీసేసిన మీటరు బిగించడానికి తననే పిలుస్తున్నారు. ముత్యాలప్పకు ఆ సంగతి తట్టకపోలేదు. అయినా మోపెడ్ తీశాడు.

మోపెడ్ చప్పుడుకు కరియ మొరగలేదు. చెవులు వెనక్కి వాల్చి, నడుమంతా ఊగేలా తోక ఊపుతూ కుయ్యిమంది. మీటరు బిగించే ఇద్దరు కుర్రాళ్ళు వాకిలి బయటే నిలబడి ఉన్నారు. ముత్యాలప్ప కొండీ నుంచి గొలుసు విప్పాడు. గొలుసు వదులుగా పట్టుకుని గడ్డివామి వైపు నడిచాడు. కరియ నాలుగడుగులు వేసి ఆగింది. అలవాటైన దూరం అయిపోయిందని నిలబడిపోయింది. అతను లాగలేదు. పక్కకు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి అది ఐదో అడుగు వేసింది.

గోడకు డ్రిల్లు పెట్టగానే కుక్క గజగజలాడింది. అతను గట్టిగా పట్టుకోకుండా, అది పోయినంత దూరం దాని వెంట పోయాడు. వామి పక్కన ఇద్దరూ కూర్చున్నారు. అక్కడి నుంచే పాత మీటరు గోడ మీదినుంచి ఊడి రావడం చూశాడు. అది ఉన్న చోట తెల్లగా చతురస్రం మిగిలింది. కుర్రాళ్ళలో ఒకడు మంచి మనసుతోనే, "ఇంగ ఎవురూ ఎండలో తిరగాల్సిన పనిలేదన్నా" అన్నాడు.

"అవునప్పా" అన్నాడు ముత్యాలప్ప.

వాళ్ళు పోయాక పుల్లన్న దగ్గరికొచ్చి కుక్కను చూశాడు. "మెత్తగా చేసి పెట్టినావు గదప్పా నా కుక్కను."

ముత్యాలప్ప గొలుసు వదలలేదు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. "అన్నా, నాకు ఇచ్చేయండి. నా కాడ ఉంటాది. నేను ఒగణ్ణే ఉండా."

"దాన్ని నీకిచ్చి గడపకాడ నేను కూచోవల్లనా?" అని పుల్లన్న లోపలికి పోయాడు. కోపం లేదు ఆ మాటలో. బేరం ఏదో కుదరలేదన్నట్టు అన్నాడు, అంతే.

ముత్యాలప్ప గొలుసు మళ్ళీ కొండీకి తగిలించాడు. తగిలించేటప్పుడు కరియ అతని మోచెయ్యి నాకింది. మోపెడ్ దగ్గరికి నడుస్తుంటే నందిని వెనకే వచ్చింది.

"ఇంగ మీకు ఈ పక్క పని ఉండదు గదన్నా."

"ఉండదమ్మా."

"నాకు చూపించండి. ఎట్ల కూచోవల్ల, ఏం చేయల్ల అని. పగలంతా ఈ ఇంట్లో నేనూ అదే ఉంటాం. అది నన్ను చూసి భయపడతాది, నేను దాన్ని చూసి భయపడతా." ఆమె అరచెయ్యి చూపించింది. పంటి మచ్చ మానిపోయి ఉంది. "గుడ్డ కట్టేటప్పుడు కరిచినాది. మామకు చెప్పలేదు. చెప్తే దాన్ని కొడతాడు."

అతను తొమ్మిది రోజులు పోయాడు. పుల్లన్న పొలానికి పోయిన సమయంలో, ఉదయం గంట సేపు. "కళ్ళలోకి చూడొద్దు. పక్కకు తిరుగు. పిలవొద్దు, అదే వస్తాది. వచ్చినా ఎంటనే ముట్టుకోవద్దు." మొదటి రోజుల్లో కరియ అతని దగ్గరికే వచ్చేది. అప్పుడతను లేచి కొంచెం దూరం జరిగేవాడు. మరుసటి రోజు ఇంకొంచెం. గుడ్డు ముక్కలు ఆమె చేతిలోనే ఉంచాడు. నందిని తొందరపడి చెయ్యి చాపినప్పుడు కుక్క మూతి నాక్కుని ముఖం తిప్పుకుంది. "చూడు, అది వద్దంటాండాది. ఇను" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతసేపు ఇంకో మనిషితో కూర్చుని, కుక్కల గురించి తనకు తెలిసినదంతా చెప్పడం అతనికి అదే మొదటిసారి. రాత్రిళ్ళు మరుసటి రోజు ఏం చెప్పాలో అనుకుంటూ పడుకునేవాడు.

తొమ్మిదో రోజు అతను పోయేసరికి గొలుసు కొండీకి వేలాడుతోంది, కుక్క లేదు. పెరట్లో నందిని పళ్ళెం ముందేసుకుని చింతపండు గింజ తీస్తోంది. కరియ ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. ముత్యాలప్పను చూసి తల ఎత్తింది, తోక రెండుసార్లు నేలకు కొట్టింది. లేవలేదు. మళ్ళీ గడ్డం ఆనించింది.

"పగలు విప్పుతాండా అన్నా. సాయంత్రం మామ వచ్చేలోగా కట్టేస్తా" అంది నందిని సంతోషంగా. "కాఫీ పెట్టనా?"

"వద్దమ్మా. పనుండాది" అన్నాడు. పనేమీ లేదు.

తను కోరుకున్నది అదే. నేర్పింది అదే. అయినా మోపెడ్ స్టార్టు చేయడానికి నాలుగుసార్లు తన్నాల్సి వచ్చింది, కళ్ళు సరిగా కనిపించక.

ఇప్పుడు ముత్యాలప్ప ఊరికి దూరంగా గుట్ట మీద ఉన్న నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే పని చేస్తున్నాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో ట్యాంకు నీడలో కూర్చుంటాడు. కింద ఎర్రటి నేల, అవతల గాలిమరలు, రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ. కరియ సంగతి విని, తమ కుక్క కరుస్తోందని మూడుసార్లు మూడు ఊళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి. పోయాడు. కూర్చున్నాడు, చూశాడు, చెప్పి వచ్చాడు. రెండిళ్ళలో విన్నారు. ఒక ఇంట్లో నవ్వారు.

మొన్న ఆదివారం జ్యోతిలక్ష్మి, ఓవర్‌టైము ఉందని, ఉగాదికి రాలేనేమో అని చెప్పింది. సరేలే అన్నాడు. ఎప్పటిలాగే ఇద్దరి మాటలూ అక్కడికి అయిపోయాయి. తర్వాత అతను మెల్లగా, "ఆ పొద్దు ఒగ కుక్క సంగతి చెప్పల్లనుకున్న్యా" అన్నాడు.

"చెప్పు" అంది ఆమె. "ఈపొద్దు మిషన్లు లేవు."

మొదటి నెల నుంచి చెప్పుకొచ్చాడు. ఆమె మధ్యలో రెండుసార్లు నవ్వింది, మెడ పుండు దగ్గర "అయ్యో" అంది. ఏడో నెల దగ్గరికి వచ్చేసరికి ఫోనులో బ్యాలెన్సు అయిపోయి లైను తెగింది. ఆమె తిరిగి చేస్తుందేమోనని చూశాడు. ఫోను మోగకుండానే సాయంత్రమైంది. లేచి, గట్టిగా బిగుసుకుపోయిన వాల్వును రెండు చేతులతో తిప్పాడు. గొట్టంలో నీళ్ళు గుట్ట దిగి ఊరి వైపు పోతున్న చప్పుడు వింటూ, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.