స్లాబ్ కింద కట్టిన యాట

తెలంగాణ వచ్చిన కొత్తలో షాద్‌నగర్‌లో ఎటు చూసినా పునాదులే. నేను అప్పుడు ఇళ్ళు కట్టే పద్ధతుల మీద పరిశోధన చేస్తుండేదాన్ని. స్లాబ్ వేసేటప్పుడు సమయం ఎక్కడ వృథా అవుతుంది, ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు అన్నది నా అంశం. అందుకని ఒక అపార్టుమెంటు పని దగ్గర పొద్దంతా ఎండలో నిలబడి, పలకరించిన వాళ్ళందరినీ కసురుకునేదాన్ని. నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. చెయ్యి కూడా మంచిది కాదని అక్కడే తెలిసింది.

స్లాబ్ రోజంటే కూలీలకు సగం పని, సగం పండుగ. పోయడం అయిపోగానే యాటను, అదే మేకపోతును, కోసి, కాంక్రీటు కలిపే మిల్లరుకు నెత్తురు బొట్టు పెట్టి, దావత్ చేసుకోవాలి. ఆ రోజు యాట ఎండకు రొప్పుతుంటే ఒక కూలీ జాలిపడి, స్లాబ్ కిందికి తోలుకెళ్ళి నీడలో ఒక కర్రకు కట్టేశాడు. ఏ కర్రకు? పైనున్న పచ్చి స్లాబును మోస్తున్న సపోర్టు కర్రకు! సాయంత్రం కోసుకు తినబోయే యాట మీద అంత జాలేమిటో!

పైన కాంక్రీటును కుదించే వైబ్రేటరు బర్రుమనగానే యాట బెదిరి గుంజింది. కర్ర ఊడింది. స్లాబు మూల భాగమంతా అడుగున పరిచిన ఇనుప రేకులతో, ఊచలతో సహా కిందికి కూలింది. యాట ఆ కర్రను ఈడ్చుకుంటూ రోడ్డెక్కింది. కింద కర్రలు చూసుకోవడానికి పెట్టిన మనిషి మాత్రం బయటికి రాలేదు. అతనిది మక్తల్ దగ్గర పల్లె. పైన తట్టలు అందిస్తున్నది అతని భార్యే.

"అయ్యో, నా మొగడు కిందనే ఉండు!" అంటూ ఆమె పడుతూ లేస్తూ దిగి వచ్చింది.

రేకుల కింద నుంచి మూలుగు వినబడుతోంది. మేస్త్రీ అప్పటికే యాటను కట్టినవాణ్ణి పడేసి తంతున్నాడు. "కండ్లు దొబ్బినయారా? గా కర్రకు కడ్తవా?" వాడి పన్ను ఊడి నోటి నిండా నెత్తురు. కాంట్రాక్టరు పరుగెత్తుకొస్తే వాళ్ళను విడదీస్తాడనుకున్నాను. ఆయన పైకి చూసి కేకేశాడు.

"మిల్లర్ ఆపకుండ్రి! ఆ పక్క పోస్తనే ఉండుండ్రి! అతుకు పడితే స్లాబంత ఖరాబైతది!"

వైబ్రేటరు మళ్ళీ మోగింది. మిగిలిన రేకులు గజగజ ఊగాయి. పైనుంచి ఇంకో కుప్ప కాంక్రీటు జారిపడింది. మూలుగు ఆగిపోయింది.

"ఆపించవయ్యా! కింద మనిషి చస్తున్నాడు!" అని అరిచాను.

"మేడం, నడుమల ఆపొద్దని మీరే చెప్తిరి గదా!"

చెప్పాను. పుస్తకాల్లోనూ అదే ఉంది. మనిషిని పూడ్చిపెట్టి మరీ పొయ్యమని చెప్పానా? ఒళ్ళు మండిపోయింది. నెత్తి మీది హెల్మెట్ తీసి ఆయన మూతి మీద కొట్టాను. ముక్కు పగిలింది. నేను రెండో దెబ్బ వేసేలోపు కింద చిక్కుకున్నవాడి భార్య పార తిరగేసి, దాని కర్రతో ఆయన డొక్కలో పొడిచింది.

"ఆపుతవా, సంపాల్నా?"

ఆయన కూలబడ్డాడు. ఆ పార తన వైపు తిరగడం చూసి మిల్లరు నడిపేవాడు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు. పైన వైబ్రేటరు కూడా ఆగింది.

అందరం మీద పడి తవ్వాం. పన్ను ఊడినవాడు అందరికంటే ముందున్నాడు. రేకులు గీసుకుని నా అరచేతులు చీలాయి, ఆ గాయాల్లో సిమెంటు మంట. కింద నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఏమయ్యా, పలుకు! ఒక్కపారి పలుకు!" అంటూ ఆమె తవ్వుతూనే ఉంది.

"మెల్లగ! పార తలుగుతది!" అని మేస్త్రీ మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. బలమంతా పెట్టి దింపిన పార మెత్తగా దేంట్లోనో దిగింది.

"సచ్చిన్నే అవ్వా! నా కాలు!"

ఆమె పార పట్టుకునే పకపకా నవ్వింది. కళ్ళూ ముక్కూ కారుతున్నా నవ్వు ఆగడం లేదు. "మొత్తుకుంటుండు! నా మొగడు మొత్తుకుంటుండు!" అని ఒక్కొక్కరి భుజం పట్టి ఊపి చెప్పింది. ఒక రేకు ఏటవాలుగా పడి అతని ముఖానికి గాలి ఆడేంత సందు మిగిల్చింది. కాలు మాత్రం మోకాలి కింద ఎముక కనబడేలా తెగింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే అతను నొప్పి తాళలేక, "నన్ను నరికినవు గదనే, దొంగముండా!" అని తిట్టాడు. తిట్టి కళ్ళు మూయబోయాడు. ఆమె అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఇంక తిట్టు," అంది. "దవాఖాన వచ్చేదాక తిట్టుకుంటనే ఉండు."