ఖాళీ కడుపుకి కొలత లేదు

కొలతల మాస్టరు ఖాళీ కడుపుతో వచ్చిన మనిషికి కొలత తీయడు. కుట్టాల్సింది చొక్కా అయినా కోటు అయినా, వచ్చినవాడు ఎంత పెద్ద అధికారి అయినా, మెడలోంచి టేపు తీసే ముందు ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: ఏం తిన్నారు? తిన్నానంటే సరిపోదు. ఎప్పుడు తిన్నదీ, ఎంత తిన్నదీ చెప్పాలి. కాఫీ మాత్రమే తాగి వచ్చినవాణ్ణి గోడవార బెంచీ మీద కూర్చోబెట్టి, తన క్యారియర్లోంచి రొట్టె, కూర పెట్టి, పావుగంట ఆగి, అప్పుడు నడుం చుట్టూ టేపు తిప్పుతాడు.

ఖాళీ కడుపు అబద్ధం చెబుతుందని ఆయన సిద్ధాంతం. దాని మాట నమ్మి కోటు కుడితే, భోజనం చేసిన రోజున బొత్తాం ఊడి ఎదుటివాడి కంట్లో పడుతుందట. ఒకసారి ఓ లాయరుగారు తొందరలో ఉండి, తినకుండానే తిన్నానన్నాడు. మాస్టరు "ఏం కూర?" అన్నాడు. ఎందరినో బోనులో నిలబెట్టి నీళ్ళు తాగించిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకి తడబడి, బుద్ధిగా బెంచీ మీద కూర్చుని తిన్నాడు.

ఆ కొట్లో వెనక కిటికీ పక్కన కూర్చుని బొత్తాలకి కాజాలు కుట్టే ఆవిణ్ణి అందరూ కాజాలక్క అంటారు. పన్నెండేళ్ళుగా ఈ తతంగం చూసి నవ్వుకుంటూ వచ్చింది. ఆ ప్రశ్న తన మీదికే తిరుగుతుందని ఎన్నడూ అనుకోలేదు.

తిరగడానికి కారణం ఆమె మోకాళ్ళు. ఆర్నెల్లలో ఎనిమిది కిలోలు తగ్గకపోతే తొక్కుడు మెషీను మానుకోవాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తొక్కుడు మానితే అక్కకి ఉద్యోగమే లేదు. రోజుకి పదిహేను వందల కేలరీలు తినాలని, అంతకి తగ్గకూడదని డాక్టరమ్మ కాగితం మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. అక్క ఇంటికి వెళ్ళి లెక్క వేసుకుంది. పదిహేను వందలు తింటే ఆర్నెల్లు పట్టేది, ఏడు వందలు తింటే మూడు నెలల్లో తేలిపోవాలి కదా. ఆలస్యం అమృతం విషం అనుకుని మర్నాడే మొదలుపెట్టింది.

పొద్దున ఒక ఆపిల్, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు. సాయంత్రం దాకా సన్యాసం, ఇంటికి వెళ్ళగానే బిస్కట్ల డబ్బా మీద దండయాత్ర. మొదట్లో రెండు కిలోలు తగ్గింది. ఆ తర్వాత బరువు చూసే మిషను మీద ముల్లు మొండికేసింది. అక్క ముల్లుకి శిక్ష వేయలేక తనకే వేసుకుని, ఆపిల్‌ని సగం చేసింది.

ముల్లు మీద నమ్మకం పోయాక ఒక శనివారం మాస్టరు దగ్గరికి వెళ్ళి నడుం కొలిచి చెప్పమంది. ఏం తిన్నావని ఆయన అడిగితే దోసకాయ అంది. అది నీళ్ళు, తిండి సంగతి చెప్పమన్నాడు. కొలత మీద ఆశ కొద్దీ ఆమె బెంచీ మీద కూర్చుని ఒక రొట్టె, ఒక గుడ్డు తినక తప్పలేదు. వారానికో కొలత నమ్మలేం, బుధవారం కూడా చూడాలన్నాడు మాస్టరు. తర్వాత సోమవారం కూడా అన్నాడు. చివరికి టేపు కొత్తది గనక రోజూ చూస్తేగానీ తేలదన్నాడు.

"మాస్టరుగారూ, నేను తగ్గాలా, పెరగాలా?" అని అక్క నిలదీసింది.

"లోపలి మడతకి గుడ్డ వదలకుండా కత్తిరించే టైలరు ఎక్కడైనా ఉంటాడా అమ్మా? డాక్టరమ్మ ఆ పదిహేను వందల్లో నీ గుండె కొట్టుకోడానికీ, కళ్ళు కనబడ్డానికీ కూడా కాస్త వదిలింది. నువ్వు మడత గుడ్డ కూడా కోసి పారేస్తున్నావు" అన్నాడాయన.

అక్కకి కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో అద్దం ముందు నిలబడి తనే కొలుచుకుంది. ఊపిరి బిగబట్టి కొలిచింది కాబట్టి రోజుకో పావు అంగుళం తగ్గినట్టే కనబడింది.

ఇలా ఉండగా ఒక ప్రయోగశాల నుంచి ఇరవై నాలుగు తెల్ల కోట్లకి ఆర్డరు వచ్చింది. పన్నెండు మగవాళ్ళవి, పన్నెండు ఆడవాళ్ళవి. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు వస్తాయి, ఆడవాళ్ళ కోటుకి కుడివైపు. ముందు మగవాళ్ళవి కుట్టారు. మంగళవారం మధ్యాహ్నం అక్క పన్నెండు కోట్లకీ కాజాలు కుట్టి, బ్లేడుతో గాట్లు పెట్టేసి, ఆఖరి కోటు దులిపి పైకెత్తి చూసింది. కాజాలు కుడివైపున ఉన్నాయి. పన్నెండింటికీ అంతే. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు గానీ, గాటు పెట్టిన కాజాని బ్రహ్మదేవుడు కూడా మూయలేడు. మోకాళ్ళ వల్ల పోతుందనుకున్న ఉద్యోగం చేతుల వల్లే పోయేట్టుంది.

మాస్టరు వచ్చి కోట్లు చూశాడు. అక్కని బెంచీ మీద కూర్చోబెట్టి, ఏం తిన్నావని అడిగాడు. అక్క ఈసారి దాచకుండా నిజం చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి ఏమీ తినలేదంది. ఆయన క్యారియర్ విప్పి ముందు పెట్టాడు. అక్క అంతా తినేసింది.

కాస్త కళ్ళు తేటపడ్డాక, ఇన్నేళ్ళుగా అడగని సంగతి అడిగింది. "నిజం చెప్పండి. తిన్నా తినకపోయినా నడుం ఎంత మారుతుంది?"

"మహా అయితే అర అంగుళం."

"మనం నాలుగు అంగుళాలు వదులుగానే కుడతాం కదా. మరి ఈ గోలంతా ఎందుకు?"

"భోంచెయ్యండి అంటే ఎవరైనా మొహమాటపడతారమ్మా. వద్దు, ఇప్పుడే తిన్నాను అంటారు. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళాలి, ఉన్న కోటే కాస్త సరిచెయ్యండి అని వచ్చేవాళ్ళలో సగం మంది పస్తులతోనే వస్తారు. కొలత కోసమంటే మారుమాట్లాడకుండా తింటారు. నా పిచ్చి అనుకుంటారు. అనుకోనీ."

అలా అని క్యారియర్ చేత్తో పట్టుకుని తిన్నగా కొట్టు యజమాని గదిలోకి వెళ్ళాడు. కాజాలు ఎటు రావాలో చూపే సుద్ద గీత తనే తప్పు పెట్టానని, అక్క ఆ గీత మీదే కుట్టిందని చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడి విన్న అక్కకి సిగ్గు ముంచుకొచ్చింది. లోపలికి వెళ్ళి, గీత సరిగ్గానే ఉందని, తప్పు తనదేనని చెప్పేసింది.

మాస్టరు కంగారుపడ్డాడు. "ఆవిడ మాట పట్టించుకోకండి. ఖాళీ కడుపుతో ఉంది."

"లేదండీ. రెండు రొట్టెలు, ఒక గుడ్డు, గిన్నెడు కూర, పెరుగు తిన్నాను" అంది అక్క.

యజమాని చెయ్యి చాచి క్యారియర్ తీసుకుని మూత తీశాడు. మెతుకు మిగల్లేదు. ఆయన మాస్టరు వైపు తిరిగి నిదానంగా అడిగాడు. "మాస్టారూ, మరి మీరేం తిన్నారు?"

ముప్పై ఏళ్ళుగా ఊరందరినీ ఆ ప్రశ్న అడిగిన మనిషి మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"అయితే మీ మాటే చెల్లదు" అన్నాడు యజమాని. బయటినుంచి ఆయనకి భోజనం తెప్పించాక, ఇప్పుడు ఏం చేద్దామని అక్కని అడిగాడు. ఆడవాళ్ళ కోట్లకి గుడ్డ ఇంకా కత్తిరించలేదు కాబట్టి, వీటినే నడుం దగ్గర తగ్గించి ఆడవాళ్ళకి ఇచ్చేసి, మగవాళ్ళకి ఆ గుడ్డతో కుడదామంది అక్క. తిన్న బుర్ర బాగానే పనిచేస్తోందని యజమాని ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత అక్క డాక్టరమ్మ రాసినట్టే తిని ఆర్నెల్లకి ఏడున్నర కిలోలు తగ్గింది, తొక్కుడు మెషీనూ చేజారలేదు. కానీ మాస్టరు ఇప్పటికీ ఘనంగా చెప్పుకునేది ఆ మంగళవారం గురించే. రెండు నెలలు కడుపు మాడ్చుకుని ఒక్క నడుం సరిగ్గా తగ్గించలేకపోయిన మనిషి, కడుపునిండా తిన్న ఆ ఒక్క పూటలో పన్నెండు నడుములు తగ్గించేసింది, అదీ రెండేసి అంగుళాలు.