నాలుగు తలల కోటు

బళ్ళ సీట్లకు రెగ్జిను కవర్లు కుట్టడం అతని పని. పొద్దస్తమానం కూర్చుని చేయాల్సిన ఆ పనిలోకి అతను ఎలా వచ్చిపడ్డాడో ఎవరికీ అంతుపట్టదు. పది నిమిషాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. దారం కోసం లేస్తాడు, వాన పట్టిందేమో చూడ్డానికి లేస్తాడు, ఎందుకు లేచాడో గుర్తులేక మళ్ళీ లేస్తాడు. కాలుకాలిన పిల్లి అతన్ని చూస్తే కాసేపు కూర్చోమంటుంది. తోటి పనివాళ్ళు ‘స్పీడు’ అని పేరు పెట్టారు. మిషను మీద కాలు పెట్టాడంటే కవరు అయిపోవాల్సిందే, కొలత తప్పినా సరే.

ఆ తొందరే కిందటి నెల కొంప ముంచింది. ఆరేళ్ళ కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వాననీళ్ళలోకి బండి పోనిచ్చాడు. నీళ్ళ కింద గుంట ఉంది. ఇద్దరూ బురదలో పడ్డారు. పిల్ల మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ ఆ రోజు నుంచి బండి ఎక్కనంది. బతిమాలారు, బెదిరించారు, బిస్కెట్లు చూపించారు. ఊహూ. బండి చప్పుడు వినపడితే తలుపు వెనక నక్కేది.

ఇన్నాళ్ళూ తల్లే బడికి నడిపించుకెళ్ళేది. ఇప్పుడు బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఆమె షిఫ్టు మారింది. సోమవారం నుంచి తెల్లారేసరికి పనిలో ఉండాలి. బడి నాలుగు కిలోమీటర్లు. పిల్ల బండి ఎక్కకపోతే తను పని మానుకోవాల్సిందేనని ఆమె ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు. 

వచ్చే ఆదివారం నలుగురూ ఏటి వంతెన దాకా వెళ్ళొద్దామన్నాడు. అందరితో పాటైతే పిల్ల ఎక్కుతుందని ఆశ. వానకాలం కాబట్టి నలుగురికీ కలిపి ఒకటే కోటు కుట్టాలనుకున్నాడు, నాలుగు తలలకు నాలుగు కంతలతో. కొలతలు బండి కోసమని తెలియగానే పిల్ల దగ్గరికి రాలేదు. మధ్యాహ్నం ముగ్గురూ చాప మీద నిద్రపోతుంటే టేపు పట్టుకుని గోడవైపు నుంచి వరసగా కొలిచేశాడు. గోడ పక్కన కూతురు, తర్వాత తన ఖాళీ చోటు, తర్వాత మూడేళ్ళ కొడుకు, చివర భార్య. మర్నాడు షాపులో గంటలో కుట్టి పారేశాడు.

ఆదివారం వాన రానే వచ్చింది. ఎప్పట్లాగే కొడుకుని ముందు కూర్చోబెట్టి కోటు తొడిగాడు. వాడి తల, భుజాలు కంతలోంచి జారి బయటికొచ్చాయి. అతని వెనక, కూతురు కూర్చునే చోట ఉన్న మూడో కంత చూస్తే పిల్ల తల పట్టేలా లేదు.

భార్య కోటు అంచు పట్టుకుని కంతలు వరసగా చూసింది. “ఇదేం కోటయ్యా? మనం పడుకునే వరసలో కుట్టావు. బండి మీద చాప పరుస్తావా?”

అతను కత్తెర కోసం లోపలికి ఉరికాడు. తలుపు వెనక నుంచి పిల్ల అడిగింది, “ముందు కంత నాదా?”

“నీదే. తప్పు కుట్టాను. మారుస్తానుండు.”

“ముందు కూర్చుంటే రోడ్డు కనిపిస్తుందా? వెనకుంటే నీ వీపే కనిపించింది నాన్నా. గుంట కనపళ్ళేదు.”

అతని చేతిలో కత్తెర ఆగింది. నెల రోజులుగా పిల్లను ఎక్కమని అడిగిన నోరు, ఎందుకు ఎక్కవని ఒక్కసారీ అడగలేదు.

ముందు కూర్చుంటానంది పిల్ల. తను ఆపమంటే ఆపాలంది. సరేనన్నాడు. ఎంత పెద్ద మాట ఇచ్చాడో వీధి మలుపు తిరిగాక గానీ తెలిసిరాలేదు. అరచేతంత నీళ్ళు కనిపించినా ఆపమనేది. ఆపేవాడు, కాళ్ళు ఆనించేవాడు, పిల్ల తేరిపార చూసి పొమ్మంటే కదిలేవాడు. సైకిళ్ళు దాటిపోయాయి. గొడుగేసుకుని నడిచిపోతున్న ఒక పెద్దాయన కూడా దాటుతూ, “నెట్టమంటావా బాబూ?” అన్నాడు. వెనక భార్య కిసుక్కున నవ్వింది. అతని అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయి.

వంతెనకు సగం దూరంలో రోడ్డంతా నీళ్ళు. ఆపమంది పిల్ల. రోజూ వెళ్ళే రోడ్డే, గుంటల్లేవని అతనికి తెలుసు. చెయ్యి దానంతటదే ఎక్సిలేటరు తిప్పింది. అతని రెండు చేతుల మధ్య పిల్ల భుజాలు కట్టెల్లా బిగుసుకున్నాయి.

ఆపేశాడు.

లోతు చూడ్డానికి దిగబోయాడు. ఒకరు దిగాలంటే నలుగురూ దిగాలి, కోటు అలాంటిది. నాలుగు తలల జంతువులా దిగి, బండి నెట్టుకుంటూ నీళ్ళలోకి నడిచారు. గుంటా లేదు, గాడిదగుడ్డూ లేదు. చీలమండ లోతు, అంతే. ఆ సంగతి అనబోయి మింగేశాడు.

అవతలికి చేరేసరికి కొడుకు ఆకలని రాగం అందుకున్నాడు. ఇక వంతెన ఊసే లేదు, బండి ఇంటివైపు తిప్పి మళ్ళీ నీళ్ళ అంచున ఆపాడు.

పిల్ల ముందు కంతలోంచి తల వెనక్కి తిప్పి అంది, “నాన్నా, రేపు బడికి గంట ముందే బయల్దేరాలి. మనం నెమ్మదిగా వెళ్ళాలి కదా.”

వెనక నుంచి భార్య కొడుకు మీదుగా చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది.

“గంటా?” అన్నాడతను. “సరే.”

కోటు కింద అతని మడమ నీళ్ళలో టపటపా కొట్టుకుంటూనే ఉంది.