టెంకాయ కొట్టినవాడు

ఎమ్మిగనూరు వీధుల్లో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా అణగిపోతూ, ఆదోని చుట్టూ నల్లరేగడి చేలల్లో పత్తి మిల్లుల ఇనుపకప్పులు లేస్తూ వచ్చిన ఈ కాలంలో, తాతతండ్రులు కాళ్ళు జారవిడిచి కూర్చున్న మగ్గపు గుంట విడిచి వచ్చి, గాలిలో వేలాడే ఇనుపదూలానికి నేలమీద నిలిచి చేతిసైగలతో దారి చూపే పనిలోనే తల నెరిసినవాడు నీలకంఠం.

ఆ పనిలో ఒక ఆచారముంది. కొత్తచోట మొదటి బరువు లేపేముందు క్రేను హుక్కుకు పసుపు కుంకుమలద్ది టెంకాయ కొట్టాలి. కొట్టినవాడే ఆ పనికి పెద్ద. కీడు జరిగితే తనదేనని దైవం ఎదుట ఒప్పుకొన్నట్టు. అందుచేతనే ఆ వేళకు పెద్దలందరికీ ఎక్కడో ఒక తొందర పని తగులుతుంది.

ఆదోని శివారులో కడుతున్న పత్తి జిన్నింగు మిల్లులోనూ అంతే జరిగింది. కట్టుబడి కంపెనీ కప్పుపనిని గణేష్ అనే సబ్ కాంట్రాక్టరుకు అప్పగించింది. గణేష్ వేరొకరి క్రేనును డ్రైవరుతో సహా బాడుగకు తెచ్చాడు. నీలకంఠం గణేష్ మనిషి. ముందురోజు కురిసిన వానకు నేల ఇంకా మెత్తగానే ఉంది.

"దిగబడతాదన్నా, రేగడి గదా. ఆరనీ," అన్నాడు నీలకంఠం.

"కంపెనీ మేనేజరు ఈ పూటే లేపల్లంటాండాడు. శనివారం ఒక్కపొద్దుండే మనిషివి, నీ సేత్తో కొడితే దేవుడు కాదంటాడా? కొట్టప్పా!" అన్నాడు గణేష్.

దైవకార్యాన్ని కాదనలేక నీలకంఠం కొట్టాడు. ఆ వెంటనే సైగ చేశాడు. దూలం సగమెత్తు లేచేసరికి క్రేను నేలకు ఆన్చిన ఇనుపకాలు ఒకటి మట్టిలో కూరుకుపోయింది. దూలం ఒరిగి, తాడు పట్టుకొని నిలిచిన కూలీ తిరుపాల్ మీద పడి అతని కాలు నుజ్జు చేసింది.

మరునాటికి ఆ పని అనాథ అయింది. పని గణేష్‌కు ఇచ్చేశామంది కంపెనీ. గేటు దాటాక బండి, డ్రైవరు వాళ్ళ మాట కిందే అన్నాడు క్రేను యజమాని. గణేష్ నేరుగా నీలకంఠం ఇంటికి వచ్చాడు.

"కార్మిక శాఖ మేడం విచారణకు వస్తాంది. టెంకాయ కొట్టింది నువ్వే, లేపమన్నదీ నువ్వేనని సెప్పు. ఆచారమే గదప్పా?"

అతడు వెళ్ళాక నీలకంఠం గోడకు చేరగిలబడ్డాడు. కేసు భయంకన్నా ఆ మాట నిజమేమోనన్న బరువే అతన్ని ఎక్కువ కుంగదీసింది. దైవం ఎదుట ఒప్పుకొన్నవాడు మనుషుల ఎదుట ఎట్లా తప్పుకొంటాడు?

"నా మీదే ఏసుకుంటా," అన్నాడు భార్య ఉరుకుందమ్మతో. "అలుపొచ్చింది."

ఆమె చేట కింద పెట్టింది. "టెంకాయ కొట్టినోడే బాధ్యుడైతే, గుళ్ళో పూజారి పొద్దన్నుంచి ఎన్ని కొడతాడు? ఊర్లో తగాదాలన్నీ ఆయప్ప నెత్తిన ఏద్దామా?"

నీలకంఠానికి నవ్వు రాలేదు.

"నేల మెత్తగుందని సెప్పినావా?"

"సెప్పినా."

"మళ్ళా సెయ్యి ఎందుకు ఊపినావు?"

అతడు తన అరచేయి చూసుకున్నాడు.

"అదొక్కటే నీది. మిగిలింది వాళ్ళది. ఎవురిది వాళ్ళను మోసుకోనీ."

విచారణకు వచ్చిన అధికారిణి ప్రేమలత, అందరి ఎదుటా అడిగింది: "లేపమన్నది ఎవరు?"

గణేష్ దగ్గాడు. నీలకంఠం లేచి నిలుచున్నాడు. "లేపమన్నది గణేషన్న. ఆయనకు సెప్పింది మేనేజరు సారు. క్రేను కాళ్ళ కింద చెక్కదిమ్మెలు ఏయకుండా నిలిపింది డ్రైవరు. నేల మెత్తగుందని తెలిసీ సైగ సేసింది నేను. నా పాలి తప్పు నేను ఒప్పుకుంటాండా మేడం, వాళ్ళది మాత్రం మొయ్యలేను."

ఆమె కంపెనీ మేనేజరు వైపు తిరిగింది. "పని చేతులు మారినంత మాత్రాన పూచీ తప్పిపోదండీ. మీరూ, కాంట్రాక్టరూ, బండి యజమానీ, ముగ్గురూ జవాబు చెప్పాలి."

చేసినవానితో పాటు చేయించినవానికీ ఫలంలో భాగముందని పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ మాట ఒక మిల్లు షెడ్డులో వినబడడానికి తిరుపాల్ కాలు పోవలసి వచ్చింది.

గణేష్ నీలకంఠాన్ని మళ్ళీ పనికి పిలవలేదు. వాయిదాలకు మాత్రం నీలకంఠం ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వస్తూనే ఉన్నాడు; వచ్చినప్పుడల్లా ఆసుపత్రిలో తిరుపాల్ మంచం పక్కన కాసేపు కూర్చుంటాడు.

తన పాలి తప్పు దాచని ఆ మనిషి భుజాలకు ఆ ఇంటి వేల్పు ఈరన్నస్వామి విశ్రాంతి ప్రసాదించుగాక. ఉరుకుందమ్మ పొయ్యి ఏ పూటా చల్లారకుండుగాక. ఆ గడపలో బిడ్డాపాపలు చల్లగా వర్ధిల్లుదురుగాక.