మేడ మోయని మట్టి

మట్టి పరీక్షల ల్యాబ్‌లో అతన్ని అందరూ మాస్టారు అంటారు. పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, ఇరవై ఆరేళ్లుగా మెత్తటి బంకమట్టి బలం కొలవడమే అతని పని. భూమిలోంచి తీసిన మట్టి, రెండు కొసలా మైనం పూసిన ఇనుప గొట్టాల్లో వస్తుంది. కుదుపు తగిలితే దాని బలం తగ్గిపోతుంది కాబట్టి, జీపులో గొట్టాన్ని ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంటాడు. "బిడ్డ నిద్రపోయిందా మాస్టారూ?" అని డ్రైవరు ప్రతిసారీ అడుగుతాడు. అరిగిపోయిన హాస్యమే అయినా మాస్టారు ప్రతిసారీ నవ్వుతాడు. పెళ్లి ఊసెత్తితే మాత్రం నవ్వడు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్క. అద్దె గదిలో ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి, ఈ మధ్యే ఓ స్థలం కొనుక్కుంది. కింద కుట్టు గది, పైన మేడ కట్టాలని ఆశ. ఆ మేడ ముచ్చట చెప్పని రోజు లేదు. ఖర్మ కాలి ఆ స్థలం మట్టి తమ్ముడి బల్ల మీదికే వచ్చింది.

నాలుగు రెక్కల చిన్న కడ్డీని మట్టిలో గుచ్చి, మెల్లగా తిప్పి, మట్టి ఎక్కడ ఓడిపోతుందో చూశాడు. కొలత పలక మీద ముల్లు, మేడకు కావలసిన అంకెలో సగం దూరం కూడా పోలేదు. ఇంకో గొట్టం తెరిచాడు. మూడోది తెరిచేటప్పుడు, ఉద్యోగంలో మొదటిసారి, ముల్లు ఎక్కువ తిరగాలని మొక్కుకున్నాడు. అది అతని మొర ఆలకించలేదు.

టీ వేళకు అక్క వచ్చింది, మెడలో టేపు కూడా తీయకుండా.

"ఏమంటోందిరా మన మట్టి?"

"మేడ వద్దంటోంది అక్కా. కింది గది వరకైతే సరేనట."

"చుట్టుపక్కల అందరూ కట్టుకోలేదా? ఒక అంకె పెంచి రాస్తే నీ చెయ్యి అరిగిపోతుందా?"

అతను గొట్టంలోంచి జానెడు ముద్ద కోసి బల్ల మీద నిలబెట్టి, పైన చిన్న తూకంరాయి పెట్టాడు. ముద్ద చెక్కుచెదరలేదు.

"నిలబడిందిగా," అంది అక్క.

"ఇప్పుడు పిసుకు. నీళ్లు కలపకు."

అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని కసిగా పిసికింది. కాసేపటికి ముద్ద జావలా మారి వేళ్ల సందుల్లోంచి జారడం మొదలెట్టింది.

"చుక్క నీళ్లు పోయలేదే."

"దాని నీళ్లు దాన్లోనే ఉన్నాయి. కదపనంతసేపే ఆ బింకం."

"గంజి పెట్టిన గుడ్డలాగా," అంది అక్క. గుడ్డ సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగింది.

"మేడ ఎవరికనుకున్నావురా?"

"అద్దెకిస్తావేమో అని."

"నీకురా. రిటైరయ్యాక ఒంటిగాడివి ఎక్కడుంటావు?"

మాస్టారు కుర్చీలో కూలబడి, రిపోర్టు ముందుకు లాక్కుని, ముల్లు చూపిన అంకెనే రాసి సంతకం పెట్టాడు. రాస్తుంటే కళ్లు మసకబారాయి. అక్క భుజం మీదుగా వంగి అంతా చూసింది.

"లే," అంది.

"ఎందుకు?"

"నిటారుగా నిలబడు."

మెడలోంచి టేపు తీసి, ఒక కొస అతని పాదంతో తొక్కించి, రెండోది తలదాకా లాగింది. చాలక వేలితో గుర్తు పెట్టుకుని మళ్లీ కొలిచింది.

"ఐదడుగుల ఏడంగుళాలు. కింద నా మిషను జరిపితే, కిటికీ పక్కన నీ మంచం పడుతుంది."