పసుపు వేళ్ల గూఢచారి

అరవైల్లో మాట. డిటెక్టివ్ నవలలు చదివి నేనే అల్లిన హత్య ఆటకు ఒక మధ్యాహ్నం ఆర్మూరులో మా వాడకట్టు ఆడవాళ్లను పిలిచాను. అత్తగారు శవంగా చాప మీద పడుకున్నారు. ఆమెను చంపిన గూఢచారిని పట్టుకోవాలి. ఎప్పుడూ మెప్పంతా కొట్టేసే నా తోడికోడలు సరోజ ముందు ఆరోజైనా నా పేరు నిలవాలనుకున్నాను.

“గూఢచారి వేళ్లకు పసుపు అంటింది” అని ఆధారం చదివాను.

అందరూ చేతులు చాపారు. పొద్దున్నంతా పసుపు కొమ్ములు ఏరిన చేతులు, అన్నీ పచ్చగానే ఉన్నాయి.

“గిట్లయితే ఆర్మూరంతా జైల్లనే ఉండాలె అక్కా! ముందుగాల నీ చేతులు సూపియ్యి!” అంది సరోజ.

నావీ పచ్చనే. ఇల్లంతా నవ్వులు. శవం కూడా లేచి కూర్చుంది.

“మా సరోజ మస్తు హుషారు, దొంగను పట్టింది” అన్నారు అత్తగారు.

ఇప్పటికీ చుట్టాలు దాన్ని ‘సరోజ ఆడించిన ఆట’ అంటారు. ఆడించింది నేను. అచ్చులోనైనా ఆ నిజం ఒక్కసారి పడాలని రాస్తున్నాను.