పెనం మీద మాడిన రొట్టె

కరోనా తగ్గిన మరుసటి ఏడు నాకు బహ్రెయిన్ దీవిలోని మనామాలో ఒక అరబ్బు ఇంట డ్యూటీ పడింది. వీసాలో ఇంటిపని అని ఉన్నా, చేయాల్సింది పేషెంటు పని. ఆ ఇంటి పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది, ఎముక అతికింది, ఇక నడవచ్చన్నారు. ఆవిడ మాత్రం చక్రాల కుర్చీ దిగనంది. ఇలాగే కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోయి మంచాన పడుతుందని ఫిజియో చెప్పి వెళ్లాడు. మంచాన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయన అలాగే పోయాడు.

ఓ శుక్రవారం ఆవిడ కూతురు మమ్మల్ని జల్లాఖ్ వైపు ఒక తోట మ్యూజియానికి తీసుకెళ్లింది. పూర్వం ఆ దీవిలో పల్లెలు కట్టుకున్న రైతులు ఎలా బతికారో మనుషులే చేసి చూపించే చోటది. ఖర్జూరపు మట్టల గుడిసెలు, బావి, గాడిద, రొట్టెల పొయ్యి. పెద్దావిడ అలాంటి గుడిసెలోనే పుట్టిందట.

డ్రైవరు రాజన్నది జగిత్యాల వైపు. "గీ గుడిసెలు సూడనీకి టికెటా అక్కా? మా ఊరికి రమ్మను, ఉత్తగనే సూపిస్త."

"కబుర్లాపి ఆ వాకర్ దింపవయ్యా."

"రోజు మోసుడే గని, ముసలమ్మ ఎన్నడన్న ముట్టిందా దాన్ని?"

"ముట్టలేదని మోయడం మానేస్తామా?"

రొట్టెల గుడిసె వాకిలి ఇరుకు. కుర్చీ పట్టక బయటే ఆపాను. లోపల ఒక పిల్ల రొట్టెలు చేసి చూపిస్తోంది. మా కోనసీమలో పూతరేకులు తీసినట్టే, కాలే పెనం మీద పిండి పలచగా పులమాలి. ఆ పిల్ల మందంగా పులిమింది. అంచులు మాడుతున్నాయి.

"మాడిపోతోంది సత్తెమ్మా! వెళ్లి చెప్పు దానికి," అంది పెద్దావిడ.

కూతురు లోపలికి కదలబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "నాకేం తెలుసు మామా? మీరే చెప్పండి," అన్నాను. అక్కడ యజమానురాలిని మామా అనే పిలవాలి.

"మొద్దుమొహమా!" అని తిట్టి, "యల్లా, పద, పట్టుకో," అంది.

పేషెంటును చేతులు పట్టి లాగకూడదు. బ్రేకులు వేసి, కాళ్లపలకలు మడిచి, ఆవిడ నడుముకు కట్టిన బెల్టు పట్టుకున్నాను. ముందు వాకర్, తర్వాత ఆపరేషనైన కాలు, ఆఖర్న మంచికాలు. ఆవిడ కళ్లు కాళ్ల మీద లేవు, పెనం మీదే ఉన్నాయి. తుంటి పేషెంటును నేల మీద కూర్చోనివ్వకూడదు కాబట్టి ఎత్తు స్టూలు అడిగి వేయించాను. ఆవిడ పులిమిన మొదటి రొట్టె చిరిగింది. రెండోది పొరలా లేచి వచ్చింది.

"ఇగ మోసుడు తప్పినట్టే," అన్నాడు రాజన్న, ఖాళీ కుర్చీ తోసుకుంటూ.

ఆ తర్వాత నేను ఇంట్లో నడవమని బతిమాలలేదు. రొట్టెపిండి కలిపి వంటింట్లో పెట్టి ఊరుకునేదాన్ని. అక్కడే కాదు, తర్వాత చేసిన ఇళ్లలోనూ అదే పద్ధతి పాటించాను. పేషెంటు మన మాట విని లేవదు, తనకొచ్చిన పని కళ్లముందు పాడవుతుంటే లేస్తుంది. అప్పుడు బెల్టు పట్టుకుని పక్కన ఉండటం మన డ్యూటీ.